యీట్స్ గారూ, నేనూ

కార్తీకమాసంలో మా ఇంటికి వచ్చేవాళ్ళు మామూలుగా ఏ ఉసిరికాయలో, నాలుగు పువ్వులో పట్టుకొస్తారు. పోయిన కార్తీకంలో మా అక్క కూతురు బుజ్జి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. వచ్చీ రాగానే, బల్లమీద నేను ఏరుకుంటున్న కందిపప్పు చేటని ఓ పక్కకి జరిపి, దాన్ని తెరిచిపెట్టి, "పిన్నీ, నువ్వు ఇన్ని నవలలు రాశావు కదా, నాకో రెండు పేజీలు రాసిపెట్టవూ?" అంది.

"దేన్ని గురించే?"

"నా గురించే."

రెండు పేజీల్లో ఒక మనిషిని గురించి రాయడం నాకు చేతనైతే మూడువందల పేజీల నవలలు ఎందుకు రాస్తాను, మీరే చెప్పండి!

సంగతేమిటంటే, బుజ్జి హైదరాబాదులో ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, రెండేళ్ళుగా ఏదో కంపెనీలో ఎవరో రాసిన పాఠాలు దిద్దే ఉద్యోగం చేస్తోంది. అది చాలదని ఇప్పుడు అమెరికాలో ఇంగ్లీషు సాహిత్యంలో పి.హెచ్.డి.కి దరఖాస్తులు పెడుతోంది. ఆ దరఖాస్తుతోపాటు "స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్" అని ఒకటి జతచెయ్యాలట. నేనెవర్ని, ఏం చదవాలనుకుంటున్నాను, ఎందుకు చదవాలనుకుంటున్నాను, అది మీ దగ్గరే ఎందుకు చదవాలి అని మనవి చేసుకునే పత్రం అన్నమాట.

మా బావగారికి ఈ వ్యవహారం మొదటినుంచీ మింగుడుపడలేదు. ఆయనది సిమెంటూ ఇనుమూ అమ్మే వ్యాపారం. "అమెరికా వెళ్ళే పిల్లలు కంప్యూటర్లు చదవడానికి వెళతారు గానీ ఇంగ్లీషు చదవడానికి వెళతారుటమ్మా? అక్కడివాళ్ళకి ఇంగ్లీషు రాకనా?" అని నాతో వాపోయారు. నేనూ ఓ రచయిత్రినే కదా, వూరుకోలేక, "బావగారూ, ఆ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యానికంటూ ప్రత్యేకంగా డిగ్రీ చదువు పెట్టిందే 1894లో. కేంబ్రిడ్జ్‌లో అయితే 1917 దాకా ఆగారు. అప్పటికి ఎన్నో యేళ్ళ ముందునుంచే మన కలకత్తాలోనూ మద్రాసులోనూ కుర్రాళ్ళు షేక్‌స్పియర్‌ని కంఠతా పట్టి పరీక్షలు రాసేశారు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మనమే ముందన్నమాట" అని తృప్తిగా కాఫీ తాగారు. ఆ పైన, పి.హెచ్.డి.లో సీటు ఇచ్చేవాళ్ళు ఫీజు తీసుకోకపోగా, అయిదారేళ్ళపాటు ఎదురు జీతం ఇచ్చి, దానికి బదులు అక్కడి మొదటి సంవత్సరం పిల్లలకి వ్యాసరచన చెప్పించుకుంటారని తెలిశాక మరి మాట్లాడలేదు. వ్యాపారస్థుడు కదా, లెక్క తేలితే చాలు.

అయితే ఆ సీటు రావడమే గగనం. ఒక్కొక్క యూనివర్సిటీకి వందల్లో దరఖాస్తులు వస్తే పదిమందినో పన్నెండుమందినో తీసుకుంటారు. దరఖాస్తు పెట్టినందుకే ఒక్కోచోటా మన డబ్బుల్లో ఏడెనిమిదివేలు. అది ఆరింటికి కడుతోంది. పూర్వం దీనికో పరీక్ష వుండేది. ఇంగ్లీషు సాహిత్యం మొత్తం మీద 2 గంటల 50 నిమిషాల్లో 230 ప్రశ్నలు! ప్రశ్నకి ముప్పావు నిమిషం. ఆ లెక్కన మిల్టన్ గారి జీవితకాలపు కృషి నేను పోపు వేసేంత సేపట్లో తేలిపోవాలి. దాన్ని 2021తో ఎత్తేశారు. మామూలు జి.ఆర్.ఇ.ని కూడా చాలా ఇంగ్లీషు శాఖలు అడగడం మానేశాయి. అంచేత ఇప్పుడు బరువంతా పిల్ల రాసే కాగితాలమీదే పడింది. ఇరవై పేజీల పరిశోధన వ్యాసం ఒకటి, ఈ రెండు పేజీల మనవి, ముగ్గురు గురువుల ఉత్తరాలు.

ఆ ఉత్తరాలది మరో కథ. ముగ్గురిలో ఒకాయన, "నువ్వే రాసి పంపమ్మా, నేను చూసి పెడతాను" అన్నారట. తన్ను తాను మెచ్చుకుంటూ వేరేవాళ్ళ గొంతుతో ఉత్తరం రాసుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసా? బుజ్జి రాసింది చదివితే, ఈ అమ్మాయికి సీటివ్వకండి అని ఆయన బతిమాలుతున్నట్టుంది. నేను కాస్త బెల్లం వేశాను. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, "ఇదేమిటమ్మా, మరీ తక్కువ చేసి రాసుకున్నావు" అని మొత్తం కొట్టేసి మళ్ళీ తనే రాశారట. మనుషుల్ని గురించి తొందరపడి అనుకోకూడదు.

సరే, అసలు పత్రానికి వద్దాం. అది అప్పటికే ఒకటి రాసి తెచ్చింది. చదివాను. "అతి చిన్న వయసునుంచే షేక్‌స్పియర్ నన్ను సమ్మోహితురాలిని చేశాడు" అని మొదలవుతుంది.

"ఎంత చిన్న వయసే?" అన్నాను. దాని చిన్న వయసు నాకు తెలియనిదా? ఎనిమిదో క్లాసుదాకా టీవీలో బొమ్మల సినిమాలు తప్ప ఇంకోటి చూసిన పాపాన పోలేదు.

బుజ్జి నవ్వేసింది. అమీర్‌పేటలో దరఖాస్తులు రాసిపెట్టే కన్సల్టెన్సీకి వెళ్ళిందట. అక్కడి కుర్రాడు పాపం మంచివాడే, కానీ అతని దగ్గర వున్నవన్నీ ఇంజనీరింగ్ పిల్లల నమూనాలే. "అతి చిన్న వయసునుంచే యంత్రాలు నన్ను సమ్మోహితుణ్ణి చేశాయి" అన్నది ఒకటి తీసి, యంత్రాలున్నచోట షేక్‌స్పియర్‌ని పెట్టుకోమన్నాడట.

"ఇది తీసేసి నిజం రాయి" అన్నాను. నవలలు రాసేవాళ్ళకి ఒకటే విద్య వస్తుంది, ఎదుటివాడు ఎక్కడ అబద్ధమాడుతున్నాడో పట్టుకోవడం.

"నిజం రాస్తే నవ్వుతారు పిన్నీ."

"చెప్పు ముందు."

అది చెప్పిన నిజం ఇదీ. ఇంటర్‌లో దాన్ని హాస్టలున్న కాలేజీలో ఎం.పి.సి.లో పడేశారు. పొద్దున్న అయిదింటికి లేపితే రాత్రి పదకొండింటిదాకా లెక్కలే. కథల పుస్తకం కనబడితే వార్డెను లాక్కునేది. దీని పెట్టెలోంచి మూడు తెలుగు నవలలు పోయాయి. అందులో ఒకటి నాదే, ఆ వార్డెను చదివిందో లేదో మరి! లాక్కోవడానికి వీల్లేని కథలు ఒక్క ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోనే వున్నాయి. దాన్ని అడ్డం పెట్టుకుని రెండేళ్ళు బతికింది. అవే కథలు మళ్ళీ మళ్ళీ చదివేసరికి కథ తెలిసిపోయి, కథ ఎలా చెప్పారన్నది కనబడడం మొదలెట్టిందిట.

"ఎంసెట్ రోజున నాకు ర్యాంకు రాదని తెలుసు పిన్నీ. కానీ ఇంగ్లీషు చదువుతానని మాత్రం గట్టిగా అనుకున్నాను."

నాకు ఒళ్ళు జలదరించింది. "ఇదే రాయి, ఒక్క ముక్క మార్చకు" అన్నాను.

అది తను పరిశోధన చెయ్యాలనుకుంటున్న రచయిత్రిని గురించి కూడా చెప్పింది. కృపాబాయి సత్తియనాథన్ అని ఆవిడ పేరు. 1862లో అహ్మద్‌నగర్‌లో పుట్టింది. వైద్యం చదవడానికి ఇంగ్లండు వెళ్ళేందుకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఆరోగ్యం బాగాలేదని పంపలేదు. 1878లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. అక్కడా ఏడాదికే ఒళ్ళు సహకరించక మానెయ్యాల్సి వచ్చింది. పెళ్ళయాక భర్త ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు మన రాజమండ్రిలో కూడా వుంది. ఆమె ఇంగ్లీషులో రాసిన "సగుణ" నవల 1887, 88 ప్రాంతంలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. చదువుకోవాలని తపించిన పిల్ల కథ, చాలామటుకు తన కథే. 1894లో, ముప్ఫైరెండేళ్ళకే పోయింది. ఇన్నేళ్ళుగా సీరియల్స్ రాసి బతుకుతున్నదాన్ని, మా వృత్తిలో ఇంత ముందటి పెద్దావిడ ఒకరున్నారని పాతికేళ్ళ పిల్ల చెబితే తెలిసింది నాకు.

అంతా బాగానే వుంది. అప్పుడు బుజ్జి, "పిన్నీ, ఇంకో పేరా కూడా రాసుకున్నాను, చూస్తావా?" అంటూ కిందికి జరిపింది.

అందులో నేనున్నాను.

"మా పిన్ని 2001లో ఇంగ్లీషు ఎం.ఏ. ఇంటర్వ్యూకి వెళితే, తెలుగు మీడియం పిల్ల అని తోసిపుచ్చారు. ఆమెకి మూసిన తలుపు నేను తెరవాలనుకుంటున్నాను." ఇంగ్లీషులో ఇంకా బాగుంది.

"ఇది వాళ్ళకి బాగా నచ్చుతుంది పిన్నీ" అంది.

నచ్చకేం! ఎవరికైనా నచ్చుతుంది. నేనే ఆ మాట రెండు పత్రికల ఇంటర్వ్యూల్లోనూ, ఒక కాలేజీ సభలోనూ చెప్పాను. సభలో చప్పట్లు కూడా కొట్టారు.

"అది తీసెయ్" అన్నాను.

"ఎందుకు? నిజమే రాయమన్నావుగా."

ఆ పిల్లముందు కందిపప్పులో లేని రాళ్ళు ఏరుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి చెప్పాను. మావారికి కూడా చెప్పని మాట.

మాది తెనాలి. నాన్నగారు మండలాఫీసులో గుమాస్తా. అమ్మ మాలతీ చందూర్ గారి "పాత కెరటాలు" చదివి, వాటిలోని ఇంగ్లీషు నవలల కథలు వంట చేస్తూ మాకు చెప్పేది. అలా కథలన్నీ తెలుగులో విన్నాక, అసలు పుస్తకాలు ఎలా వుంటాయో చూద్దామని వూళ్ళో లైబ్రరీలో పడ్డాను. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాను. ముందు నిఘంటువు పక్కన పెట్టుకుని, తర్వాత్తర్వాత అది లేకుండానే చదివాను. రాయడమూ వచ్చింది. రానిదల్లా మాట్లాడ్డం. ఇంగ్లీషు మాటలన్నీ నాకు కళ్ళతో పరిచయమే గాని చెవులతో పరిచయం లేదు.

హైదరాబాదులో ఓ పెద్ద యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను. అప్పట్లో దరఖాస్తంటే డీడీ తియ్యాలి, సర్టిఫికెట్ల నకళ్ళమీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించాలి, సొంత చిరునామా రాసిన కవర్లు రెండు స్టాంపులంటించి జతచెయ్యాలి. డీడీ డబ్బులు నాన్నగారు ఆఫీసులో ఎవరి దగ్గరో బదులు తెచ్చారు. రాతపరీక్షలో నా నెంబరు వచ్చింది. వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. ఇంటర్వ్యూకి నాన్నా, నేనూ రాత్రి బండెక్కి వెళ్ళాం. అమ్మ క్యారియర్‌లో పులిహోర పెట్టిచ్చింది. తన పెళ్ళిరోజు చీర నాకు కట్టబెట్టింది.

ఆ యూనివర్సిటీలో ఎర్రగా పూసిన తురాయిచెట్టు కింద నాన్నగారిని కూర్చోబెట్టి, నేను మేడెక్కాను. గది బయట బెంచీమీద నలుగురున్నారు. వాళ్ళు మాట్లాడుకుంటున్న ఇంగ్లీషు పంపు తిప్పితే నీళ్ళొచ్చినంత ధారాళంగా వుంది. నా పక్కన కూర్చున్నమ్మాయి నా వైపు తిరిగి, నీకిష్టమైన కవి ఎవరని అడిగింది. మర్యాదకే అడిగింది. నేను ధైర్యం చేసి చెప్పాను.

"యీట్స్."

కీట్స్ గారు కీట్స్ అయినప్పుడు, మొదటి అక్షరం తప్ప మిగతా అంతా ఒకలాగే వున్న ఈయన యీట్స్ గారు కాక మరేమవుతాడు? ఆయన్ని నేను ఆ ఏడాదంతా చదివాను. కొన్ని పద్యాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఆయన పేరు ఎవరి నోటా వినలేదు. మా కాలేజీలో సిలబస్ ఏటా టెన్నిసన్ దగ్గరికొచ్చేసరికి పరీక్షలు ముంచుకొచ్చేవి.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ఓ, యేట్స్!" అంది.

అంతే. ఎగతాళి చెయ్యలేదు, పక్కవాళ్ళకి చెప్పి నవ్వలేదు. పైగా తనకీ ఇష్టమేనని ఏదో చెప్పబోయింది. ఆ మాట ఇన్నేళ్ళకైనా ఒప్పుకోవాలి. నాకు మాత్రం చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. నేను చదివిన పుస్తకాలన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. వాటిలో ఇంకెన్ని పేర్లు ఇలా తప్పు పలుకుతున్నానో! లోపలికెళ్ళి నోరు విప్పితే, మాటకో తప్పు. మంచినీళ్ళు తాగొస్తానని లేచాను. వరండా చివర స్తంభం వెనకాల కుళాయి వుంది. అక్కడే నిలబడిపోయాను.

అటెండరు వచ్చి నా పేరు పిలిచాడు. వినబడింది. రెండోసారి పిలిచాడు. అదీ వినబడింది. మూడోసారి పిలవలేదు.

వెనకవైపు మెట్లు దిగి చెట్టు దగ్గరికి వెళ్ళాను. నాన్నగారు గబగబా లేచి, పంచెకంటిన తురాయిపూలు దులుపుకుంటూ, "ఏమడిగారమ్మా?" అన్నారు.

"యీట్స్ గురించి అడిగారు" అన్నాను.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఇంకేం, సీటొచ్చినట్టే" అని క్యారియర్ విప్పారు. ఆ పులిహోర నేను తిన్నాను కూడా. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఎలాగో వుంటుంది.

లిస్టులో నా పేరు ఎందుకుంటుంది? లేదు. నాన్నగారు జీవితంలో ఎవర్నీ పల్లెత్తు మాటనని మనిషి. అలాంటాయన 2016లో పోయేదాకా, వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పారు. "మా అమ్మాయి యీట్స్ గురించి గడగడా చెప్పిందండీ. అయినా ఇవ్వలేదు. తెలుగు మీడియం పిల్లలంటే వాళ్ళకి చులకన" అనేవారు. ఆయనా యీట్స్ అనే అనేవారు, నా నోటినుంచే నేర్చుకున్నారు కనక. నేను ఎదురుగా నిలబడి వినేదాన్ని. మొదట్లో సిగ్గుగా వుండేది. పోనుపోను ఆ మాట నా చెవికే నిజంలా వినిపించడం మొదలెట్టింది. మరుసటేడు పెళ్ళయింది. పిల్లలు పుట్టారు, కథలు రాశాను, నవలలు రాశాను. ఎవరో అడిగితే నేనూ అదే చెప్పాను. తెలుగు మీడియం పిల్లల్ని చులకన చేసేవాళ్ళు లేరని కాదు, బోలెడుమంది వున్నారు, నాకూ తగిలారు. కానీ ఆ రోజు ఆ గదిలో కూర్చున్నవాళ్ళు నా మొహం కూడా చూడలేదు. ఏమో, నేను వెళ్ళి యీట్స్ అంటే, వాళ్ళు తెలుగువాళ్ళే అయివుండి, నవ్వుకుని, సరిచేసి, సీటిచ్చేవారేమో! ఇవ్వకపోయినా అది వాళ్ళు చేసిన పనై వుండేది.

బుజ్జి అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు, "పిన్నీ, ఎం.ఏ. మొదటి సంవత్సరంలో నేనూ ఆయన్ని యీట్సనే అన్నాను" అంది.

"ఎక్కడ? ఇంట్లోనా?"

"క్లాసులో. అందరిముందూ. సెమినార్ పేపరు చదువుతూ పదకొండుసార్లు అన్నానట. మా ఫ్రెండు లెక్కపెట్టింది."

"మరి?"

"మరేముంది? మేడం దిద్దారు. అయిపోయింది."

అది ఆ పేరా కొట్టేసింది. ఆ ఖాళీలో ఏం రాయాలన్నదానిమీద మేమిద్దరం రాత్రి ఒంటిగంటదాకా పోట్లాడుకున్నాం. హాస్టల్‌లో తను దాచుకున్న కథలకీ, మెడికల్ కాలేజీ వదిలేసి రాయడం మొదలెట్టిన కృపాబాయికీ ముడి ఎక్కడ పడుతుందో చూసి, దాన్నే నాలుగు వాక్యాల్లో తనే రాసుకుంది. నేను ఒక్క కామా పెట్టాను. మర్నాడు అదీ తీసేసింది.

డిసెంబరు పదిహేనో తారీకు అర్ధరాత్రి గడువంటే, వాళ్ళ అర్ధరాత్రి మనకి మర్నాడు పొద్దున్న పదిన్నర. పదీ పదికి మా అక్క ఫోన్ చేసి, "పంపేసింది, కాని ఏడుస్తోంది, ఎందుకో చెప్పదు" అంది. రెండో పేజీలో ఓ అచ్చుతప్పుందిట. పంపాక కనబడింది. వుండనీమన్నాను.

ఆ తర్వాత ఎదురుచూడ్డం. ఫిబ్రవరిలో మొదలై ఒక్కొక్కటే జవాబులొచ్చాయి. ఈ యేడు ఎంతోమంది ప్రతిభావంతులు దరఖాస్తు పెట్టినందువల్ల మీకు సీటివ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నామని ఒకటి. అలాంటివే ఇంకో నాలుగు. మా బావగారు ప్రతిసారీ, "వాళ్ళే అంత విచారిస్తుంటే మనం విచారించడం ఎందుకమ్మా" అని కూతురికి ధైర్యం చెప్పేవారు. ఆరోది సీటూ ఇవ్వలేదు, లేదనీ చెప్పలేదు. వెయిటింగ్ లిస్టులో పెట్టింది.

అక్కడో కట్టుబాటుంది. రెండుమూడు చోట్ల సీట్లొచ్చిన పిల్లలు ఏది ఖాయం చేసుకుంటారో చెప్పడానికి ఏప్రిల్ పదిహేనుదాకా గడువు. వాళ్ళు వదులుకున్నవి ఆ చివరి రోజుల్లో కిందివాళ్ళకొస్తాయి. రైల్లో ఆర్.ఎ.సి. టిక్కెట్టుతో ఎక్కి, ఎవరు దిగుతారా అని టి.టి.ఇ. మొహం చూస్తూ కూర్చోవడమే! ఏప్రిల్ పద్నాలుగు రాత్రి పదకొండింటికి, నేను సీరియల్ భాగం ముగించలేక జుట్టు పీక్కుంటుంటే ఫోన్ మోగింది. అవతలినుంచి మాట లేదు, ఏడుపే.

"అచ్చుతప్పు క్షమించారా?" అన్నాను.

"క్షమించారు పిన్నీ."

చలికాలంలో మోకాలిలోతు మంచుపడే వూరట. బావగారు అప్పుడే వూరందరికీ చెప్పేశారు, "మావాళ్ళమ్మాయి అమెరికా పిల్లలకి ఇంగ్లీషు వ్యాసాలు దిద్దబోతోంది" అని. ఆయన మొహంలో మైసూర్‌పాక్ పంచుతున్న మా నాన్నగారు కనిపించారు.

బుజ్జి ఒక్కర్తెకి చెబితే నా మనసు తేలికపడలేదు. వేసవిలో తెనాలి వెళ్ళాను. అమ్మ పెరటివసారాలో పీట వేసుక్కూర్చుని మాగాయకి కాయలు చెక్కు తీస్తోంది. డెబ్బైనాలుగేళ్ళొచ్చినా ఆ పని ఇంకొకర్ని చెయ్యనివ్వదు. నేను ముక్కలు కోస్తూ, ఆవిడ మొహం చూడకుండా, స్తంభం దగ్గర్నుంచీ పులిహోరదాకా మొత్తం చెప్పాను.

అమ్మ చెక్కు తియ్యడం ఆపలేదు. చేతిలో కాయ పూర్తయ్యాక పళ్ళెంలో పెట్టి, ఇంకోటి తీసుకుని, లోపలి గది వైపు, అక్కడ గంధపు దండతో వున్న ఫొటో వైపు ఓసారి చూసింది. గొంతు తగ్గించి, "సర్లే. మీ నాన్నగారితో మాత్రం అనకు. బాధపడతారు" అంది.

అననని చెప్పాను.